ఫ్రీజర్ బాక్సు కోసం మేం పాడిన పాట

ఆదివారం మా ఊళ్ళో జరిగిన సంగతి మీ దాకా వచ్చే ఉంటుంది. రాకపోతే సాయంత్రానికల్లా వచ్చేస్తుంది. అందుకని నేనే చెప్పేస్తున్నానండి. వేరేవాళ్ళు చెబితే ఇంకా ఘోరంగా ఉంటుంది. నిన్న మలికిపురం బస్సులో ఒకాయన పక్కాయనకి చెబుతుంటే వెనక సీట్లో కూర్చుని విన్నాను. ఆయన లెక్క ప్రకారం నేను పాడుతూ పాడుతూ స్టేజీ మీదే కళ్ళు తిరిగి పడిపోయేనట. పడలేదండి. పడుంటే ఎంత బాగుండేది!

టీ తాగండి, చల్లారిపోతుంది. నవ్వు మాత్రం చివరిదాకా దాచుకోండి. ఇప్పుడే అయిపోతే తర్వాత ఇబ్బంది పడతారు.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతానన్నది మీకు తెలుసు. బేస్ పాడతానన్నది తెలీదు. మా తాతగారు చర్చి క్వయిర్‌లో బేస్, మా నాన్నగారు బేస్, నేనూ బేస్. కొందరికి తాతల నుంచి కొబ్బరితోటలొస్తాయి. మాకు ఆ అడుగు గొంతొకటి వచ్చింది.

నాలుగు గొంతుల పాటంటే ఏంటో చెబుతాను, లేకపోతే మా అవమానం మీకు పూర్తిగా అందదు. ఒకళ్ళు ట్యూన్ పాడతారు. అంటే జనం ఇంటికెళ్ళేక గిన్నెలు తోముకుంటూ పాడుకునే పాటన్నమాట. మిగతా ముగ్గురూ ఆ ట్యూన్ ముట్టుకోరు. ఒకళ్ళు దానికి కాస్త కిందన, ఒకళ్ళు మధ్యలో, బేస్ వాడు అట్టడుగున, ఎవరి దారిన వాళ్ళు నడుస్తూ దాన్ని మోస్తారు. నలుగురూ కలిసి పాడితే ఒళ్ళు పులకరిస్తుందండి, అబద్ధం కాదు. ఎవరిది వాళ్ళు విడిగా పాడితే మాత్రం పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యాలనిపిస్తుంది.

ఇది చర్చిలోనే ఎందుకుండిపోవాలి, పడవ పాటలూ జోలపాటలూ కూడా ఇలా పాడొచ్చు కదా అని నాకో పిచ్చి పుట్టింది. గ్రూపు కట్టేను. ట్యూన్ మా ఆవిడ సుశీల. గవర్నమెంటాసుపత్రిలో నర్సు. ఇంజక్షన్ చేసేటప్పుడు పిల్లలకి పాట పాడుతుంది. పిల్లలు రెండో ఇంజక్షన్ కూడా అడుగుతారని వాళ్ళ డాక్టరుగారంటారు. రెండో గొంతు బేబీ టీచరుగారు, ఎలిమెంటరీ స్కూల్లో చేస్తారు. ఆవిడ కళ్ళు మూసుకుని పాడతారు. ఒకసారి మూసేరంటే పాట అయ్యేదాకా తెరవరు. మధ్యలో కరెంటు పోయినా, పెళ్ళికొడుకు పారిపోయినా ఆవిడకి అనవసరం. మూడో గొంతు సత్తిబాబు. మస్కట్‌లో డ్రైవరుగా చేసి, అక్కడ రూములో మలయాళీలతో పాడి పాడి ఇది పట్టేశాడు. ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. గొంతు పైకి వెళ్ళిందంటే కిందకి దిగడానికి టైం పడుతుంది. నాలుగోవాణ్ణి నేను. గ్రూపుకి పేరు కూడా నేనే పెట్టేను: 'చతుర్గళం'.

రిహార్సల్స్ మా ఇంట్లోనే. మొదటి రోజే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "ఏం నాయనా, ఇంట్లో ఏదన్నా మాటా మాటా అనుకున్నారా?" అనడిగేరు. కళని అర్థం చేసుకోవడానికి టైం పడుతుందిలే అనుకున్నాను.

ఇక ఫ్రీజర్ బాక్సు సంగతి. నవ్వేది కాదు ఇది. పోయిన వేసంగిలో బేబీ టీచరుగారి మావగారు పోయేరు. ఆయన కొడుకు, అంటే టీచరుగారి భర్త, కువైట్‌లో ఉన్నాడు. టికెట్ దొరికి, విమానమెక్కి వచ్చేదాకా పెద్దాయన్ని ఉంచాలి కదా! బాక్సు కోసం ఫోన్లు చేస్తే రాజోల్లోది ఇంకో ఇంట్లో ఉంది, అమలాపురంలోది ఐ.పోలవరం వెళ్ళింది. యముడికి ఆ రోజు కోనసీమలోనే డ్యూటీ పడినట్టుంది. చివరికి ఎవరో పుణ్యాత్ములు చెరువుల దగ్గర్నుంచి రొయ్యల ఐసు తెచ్చిపెట్టేరు. ఆ పెద్దాయన బతికున్నన్నాళ్ళూ నీసు వాసనంటే గుమ్మం దాటి రానిచ్చేవారు కాదండి. బేబీ టీచరుగారు ఏడుస్తూనే సాంబ్రాణి వేస్తున్నారు. వేస్తూనే ఉన్నారు. కొడుకు పరిగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళు పట్టుకుని, మొదట అడిగిన మాటేంటో తెలుసా? "ఇదేం వాసనే?" అని.

"ఇంకెవరింట్లోనూ ఇలా జరక్కూడదు అన్నయ్యగారూ, మనూరికో బాక్సు ఉండాలి" అన్నారావిడ. సరే, మా గ్రూపు పాడుతుంది, చందాలు పోగుచేద్దాం అన్నాను నేను. ఊరి కమిటీ ప్రెసిడెంటు రాంబాబుగారు ఎగిరి గంతేసేరు. ఆయనకి బాక్సు కంటే మైకు మీద ప్రేమ.

ముఖ్య అతిథి ఎవరా అంటే అందరూ ఒకటే పేరు చెప్పేరు, అబ్బులుగారు. మలికిపురంలో కొబ్బరి వ్యాపారం ఆయనది. కాయని తట్టకుండానే లోపల నీళ్ళెంతున్నాయో చెప్పేస్తారు. చందాకి వచ్చినవాణ్ణి కూడా అలాగే చూస్తారు. చూసి, "చూద్దాం లెండి" అంటారు. గుడివాళ్ళకీ చర్చివాళ్ళకీ మసీదువాళ్ళకీ అందరికీ అదే సమాధానం. ఆ ఒక్క విషయంలో ఆయనకి మతభేదం లేదండి. బాక్సు గురించి బేబీ టీచరుగారు ఆయన గుమ్మం ఎక్కినప్పుడల్లా కాఫీ ఇచ్చి, "ఆయ్, చూద్దాం లెండమ్మా" అని పంపించేరు. పాట వింటే మనసు కరుగుతుంది, ముందు వరసలో కూర్చోబెడదాం అన్నాను. మనసు కరిగే మాట నిజమే అయింది, నేననుకున్న దారిలో కాదు గానీ.

అసలు తప్పు ఇక్కడ జరిగిందండి. కార్యక్రమానికి ముందు కొత్తపేటలో ఓ పెళ్ళిలో పాడేం. బాగా పాడేం. పాటయ్యేక ఆడవాళ్ళందరూ సుశీల చుట్టూ చేరిపోయేరు. "అమ్మా, ఏం గొంతమ్మా! తేనె కదమ్మా!" అని. నేను పక్కనే నుంచున్నాను, నా వంతు వస్తుందేమోనని. పెళ్ళికూతురి తాతగారు నా దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యేసి, ఎంతో ఆప్యాయంగా అడిగేరు: "పాట జరుగుతున్నంతసేపూ మీరలా మూలుగుతున్నారేంటండీ మాస్టారూ? నడుం పట్టేసిందా?"

అదిగో, అది గుచ్చుకుంది! మూడు తరాల బేస్‌ని పట్టుకుని మూలుగంటాడా!

మర్నాడు రిహార్సల్లో సుశీల, "ఏవండీ, మీరు కొంచెం తగ్గించి పాడితే బాగుంటుందేమో. మాటలు వినబడట్లేదు" అంది. మామూలుగానే అంది పాపం. నాకు మాత్రం ఆ తాతగారి నడుం మాట గుర్తొచ్చి, విరుచుకుపడ్డాను. "చూడు సుశీలా, ట్యూన్ ఎవరైనా పాడతారు. బాత్రూంలో కూడా పాడతారు. అసలు విద్యంతా కిందుంది. మేం ముగ్గురం మోస్తుంటే నువ్వు పైన కూర్చుని పాడుతున్నావు. నువ్వు లేకపోయినా పాట ఉంటుంది. మేం లేకపోతే ఏదీ?"

సత్తిబాబు సెల్లు తీసి చూసుకున్నాడు. బేబీ టీచరుగారు పాట లేకుండానే కళ్ళు మూసేసుకున్నారు.

సుశీల, "అలాగా" అంది.

అంతే. లేచెళ్ళి టీ పెట్టింది. మా ఆవిడ అరిస్తే భయం లేదండి. 'అలాగా' అంటేనే భయపడాలి. పెళ్ళయి ఇన్నేళ్ళయినా నాకు ఆ తెలివి రాలేదు. ఆ తర్వాత రోజులన్నీ నవ్వుతూనే ఉంది, చేపల పులుసు కూడా పెట్టింది. ఆసుపత్రిలో డ్యూటీలు ఎక్కువగా ఉన్నాయని రిహార్సల్‌కి మాత్రం రాలేదు. ఆవిడకి పాట కొత్తా ఏంటి, స్టేజీ మీద కలుస్తుందిలే అని మేం ముగ్గురం ప్రాక్టీసు చేసుకున్నాం. ట్యూన్ మనసులో అనుకుంటూ పాడుకున్నాం. మా మనసుల్లో అద్భుతంగా ఉంది.

ఆదివారం వచ్చింది. కమ్యూనిటీ హాలు. గుమ్మం దగ్గరే పెద్ద ఫ్లెక్సీ. అబ్బులుగారి ఫోటో నిలువెత్తున, మా నలుగురి ఫోటోలూ ఆయన చెప్పుల దగ్గర స్టాంపుల్లాగ. పైన పసుపు అక్షరాల్లో మా గ్రూపు పేరు: 'చతుర్గండం'!

ఫ్లెక్సీ షాపాయనకి ఫోన్ చేశాను. "గళమండీ, గళం! గండం అని వేసేరేంటండీ?" అంటే ఆయన ఏమాత్రం తొణకలేదు. "శవాల పెట్టె కోసం ప్రోగ్రాం అన్నారు కదండీ మాస్టారూ, గండమే కరెక్టనుకున్నామండి" అన్నాడు.

సరే, లోపల వినేవాళ్ళకి పేరుతో పనేంటి అనుకున్నాను. లోపల ఉపన్యాసాలు మొదలయ్యేయి. దీపం వెలిగిస్తే ఫ్యాను ఆర్పేసింది, ఫ్యాను ఆపితే పెద్దలు చెమటకి ఉడికిపోయేరు. శాలువాలు కప్పేరు, ఆ ఉక్కలో! ఒకాయన జీవితం నీటిబుడగ అంటూ మొదలెట్టి ఆ బుడగని ఎంతకీ పగలనివ్వలేదు. ఇంకొకాయన, సమయం లేదు కాబట్టి రెండే ముక్కలు మాట్లాడతానన్నాడు. ఆ రెండు ముక్కల మధ్యలో హాలంతా కాఫీలు తాగి వచ్చేరు. ఆఖర్న రాంబాబుగారు మైకు పుచ్చుకుని, గొంతు గద్గదంగా పెట్టి, "ఈ బాక్సు మనందరిదీ! ఈ వేదిక మీదున్న పెద్దలందరూ అతి త్వరలోనే దీన్ని ఉపయోగించుకోవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటూ..." అన్నారు.

అబ్బులుగారు మెడలో దండ తీసి పక్కన పెట్టేశారు.

"ఇప్పుడు చతుర్గండం వారి గానం" అని పిలిచేరు. మేం ముగ్గురం స్టేజీ ఎక్కేం. నాలుగు మైకులు. నాలుగో దాని దగ్గర ఎవరూ లేరు. సుశీల ఏదీ అని చూస్తే ముందు వరసలో ఉంది. పట్టుచీర కట్టుకుని, అబ్బులుగారి భార్య పక్కన కూర్చుని, వేయించిన వేరుశెనక్కాయలు తింటోంది. రమ్మని చెయ్యి ఊపేను. ఆవిడ కూడా ఊపింది, బస్సెక్కిన చుట్టాలకి ఊపినట్టు.

కిందకి దిగెళ్ళేను.

"ఏంటిది సుశీలా? రా!"

"దేనికండీ?"

"పాడ్డానికి!"

"ట్యూనేగా, ఎవరైనా పాడతారన్నారు కదా. బాత్రూముల్లో పాడేవాళ్ళు బోలెడంతమంది ఉన్నారిక్కడ. ఎవర్నైనా పిలుచుకోండి."

"ఇప్పుడా ఈ మాట? జనం చూస్తున్నారు."

"నేనూ చూడ్డానికే వచ్చేను. కిందున్న విద్యని కింద కూర్చుని ఎప్పుడూ వినలేదు" అని, పప్పు మీది పొట్టు ఊదుకుంది.

ఆ క్షణంలో 'తప్పయిపోయింది తల్లీ' అంటే సరిపోయేదండి. రెండే మాటలు! అబ్బులుగారి భార్య నన్నే చూస్తోంది. వెనకాల నా స్టూడెంట్ల తల్లిదండ్రులున్నారు. మగాడి పరువు గొంతులో అడ్డం పడింది. "సరే అయితే. విను!" అని స్టేజీ ఎక్కేసేను.

సత్తిబాబు చెవిలో, "మాస్టారూ, పోనీ ట్యూన్ నేను పాడెయ్యమంటారా?" అన్నాడు. బంగారం లాంటి మాట. నేనేమన్నానో తెలుసా? "నీ పార్టు నువ్వు పాడు. హార్మనీకి ఉన్న బలం ఏంటో ఇవాళ కోనసీమ చూడాలి."

మొదటిది పడవ పాట. అందులో ఓ చిక్కుంది. మాటలన్నీ ట్యూన్‌లోనే ఉన్నాయి. పడవా, నదీ, చుక్కానీ అన్నీ సుశీలవే. మాకు మాటల్లేవు. నాది "దుం... దుం... దుం...", తెడ్డు చప్పుడన్నమాట. సత్తిబాబుది "ఓ... ఓ...", గాలి. బేబీ టీచరుగారిది "ఊ...", అలలు. పడవ ఉంటేనే కదండీ, ఇవన్నీ!

మొదలెట్టేం. జనం ఎంతో మర్యాదగా కూర్చున్నారు. పాట మొదలవుతుందని ఎదురుచూస్తున్నారు. నేను దుం అన్నాను. బేబీ టీచరుగారు కళ్ళు మూసేసి ఊ అన్నారు. సత్తిబాబు ఓ అంటూ పైకెళ్ళిపోయేడు. మళ్ళీ దుం. హాల్లో వెనకనుంచి ఎవరో, "మాస్టారండీ, పాటెప్పుడండీ?" అని కేకేసేరు. మైకుసెట్టాయన నాలుగో మైకు పని చెయ్యట్లేదనుకున్నాడు. పరిగెత్తుకుంటూ స్టేజీ ఎక్కి, దాన్ని తట్టి, "హలో... హలో... చెక్" అంటున్నాడు. దుం, ఓ, హలో, ఊ, చెక్! సౌండు పెంచేడు. అది చాలదన్నట్టు ఎకో పెట్టేడు. నా ఒక్కో దుం హాలు నాలుగు మూలలా తిరిగి నా దగ్గరికే వచ్చేస్తోంది. ముందు వరసలో ఓ ముసలావిడ పక్కావిడతో, "ఆ కళ్ళు మూసుకున్నావిడకి పూనకం వచ్చినట్టుంది, నీళ్ళు చల్లండర్రా" అనడం నాకు స్పష్టంగా వినబడింది.

ఆపుదామంటే బేబీ టీచరుగారు కళ్ళు తెరిస్తే కదా! అన్ని చరణాలూ లాగేం. పాట అయిపోయింది. చప్పట్లు లేవు.

అప్పుడు రాంబాబుగారు మైకు అందుకుని, నిండు సంతోషంతో ప్రకటించేరు: "మైకు టెస్టింగ్ విజయవంతంగా పూర్తయింది! ఇప్పుడు చతుర్గండం వారి మొదటి పాట!"

ఇప్పుడు నవ్వండి. ఫర్వాలేదు, నవ్వండి. టీ ఒలికిపోతోంది చూసుకోండి.

రెండోది జోలపాట. ఇహ లాభం లేదు, పరువు దక్కాలంటే ఎవరో ఒకరు ట్యూన్ పాడాలి. నేనే పాడేద్దామనుకున్నాను. ట్యూన్ ఎవరైనా పాడతారు కదా! చెప్పలేదు ఎవరికీ. సత్తిబాబు కూడా అదే అనుకున్నాడట, చెప్పలేదు. బేబీ టీచరుగారు కూడా పాపం, మమ్మల్ని ఒడ్డున పడేద్దామని అదే అనుకున్నారట. ముగ్గురం ఒకేసారి ట్యూన్ అందుకున్నాం. మూడు శ్రుతుల్లో! సత్తిబాబు పైన, టీచరుగారు మధ్యలో, నేను పాతాళంలో. ఒకళ్ళదొకళ్ళకి వినబడి ముగ్గురం సర్దుకోబోయేం. ఆవిడ నా వైపు దిగేరు, నేను సత్తిబాబు వైపు ఎక్కేను, వాడు ఆవిడ వైపు వచ్చేడు. మళ్ళీ ఎవరికి వాళ్ళమే! పైగా మొదటి లైను దాటేక తెలిసింది, నాకు ఆ ట్యూన్ రాదని. ఇన్నేళ్ళుగా దాని కిందే ఉన్నాను కానీ, ఏనాడూ తలెత్తి చూడలేదు. రెండో లైను నుంచి ట్యూన్ అనుకుని బేసే పాడేను, ఇంకా గట్టిగా.

జోలపాటండి అది. తల్లి ఒళ్ళో హాయిగా నిద్రపోతున్న ఓ పసిపిల్ల ఉలిక్కిపడి లేచి గుక్కపట్టింది. దాన్ని చూసి ఇంకో పిల్లాడు. బయట కుక్కలు కూడా వాటి పార్టు అందుకున్నాయి. చెప్పకూడదు గానీ, అవి నలుగురిలో ఉండాల్సిన నాలుగో గొంతులాగే ఉన్నాయి.

అప్పుడు అబ్బులుగారు లేచేరు.

నెమ్మదిగా మెట్లెక్కి వచ్చేరు. నా చేతిలో మైకు, పసిపిల్లాడి చేతిలో కత్తి తీసుకున్నట్టు జాగ్రత్తగా తీసుకున్నారు. బేబీ టీచరుగారు ఇంకా పాడుతున్నారు. ఆయన ఆవిడ మైకు కూడా తీసేసుకున్నారు.

"అందరికీ నమస్కారమండి. నేను ఈ బాక్సు విషయంలో చూద్దాం చూద్దాం అంటూ వచ్చేనండి. ఇవాళ చూసేశాను. విన్నాను కూడానండి. ఎవరూ చందాలివ్వక్కర్లేదు. బాక్సు మొత్తం నేనే కొనిచ్చేస్తాను. రేపే పురమాయిస్తాను." అని కాస్త ఆగి, నా వైపు తిరిగి, చేతులు జోడించేరు. "మాస్టారండీ, మీరు ఊరి కోసం పడుతున్న బాధ చూడలేకపోతున్నానండి. ఇంక దిగిపోండి, దయచేసి."

హాలు దద్దరిల్లిపోయింది! చప్పట్లు, ఈలలు! జనం లేచి నుంచున్నారు. నా జన్మలో నా పాటకి అలాంటి చప్పట్లు రాలేదండి. రాంబాబుగారు ఏడ్చేసేరు. బేబీ టీచరుగారు అప్పుడు కళ్ళు తెరిచి, జనమంతా నుంచుని ఉండడం చూసి, "అన్నయ్యగారూ, అంత బాగా పాడేమా!" అన్నారు. బాక్సు సంగతి చెబితే అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చేరు. ఆవిడ చెవిలో ఇప్పటికీ ఆ 'ఇదేం వాసనే' ఉందండి. ఆ ఏడుపు చూసేక నాకు నా పరువు గురించి అంత బాధనిపించలేదు. ఓ రెండు నిముషాలు.

తర్వాత జనం సుశీలని పాడమన్నారు. ఆవిడ ఒళ్ళోని వేరుశెనగ పొట్టు దులుపుకుని స్టేజీ ఎక్కి, అదే పడవ పాట ఒక్కతే పాడింది. ఎకో తీయించేసింది ముందు. ఏం చెప్పమంటారు? ముందు అడిగిన ఆ 'పాటెప్పుడండీ' ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నేను స్టేజీ పక్కన కర్టెన్ దగ్గర నుంచున్నాను. అలవాటు కదండీ, గొంతు ఊరుకోలేదు. చిన్నగా, మైకు లేకుండా, దుం అన్నాను. సుశీల తిరిగి చూసింది. నేను ఆపేశాను. ఆవిడ కళ్ళతోనే, ఊఁ, కానివ్వండి అంది. పాట అయ్యేదాకా మోసేను. ఎంత బాగా కుదిరిందనుకున్నారు!

మర్నాడు పక్కింటి పిన్నిగారు అన్నారు: "సుశీల ఎంత బాగా పాడింది నాయనా! మధ్యలో ఆ జనరేటర్ చప్పుడే కాస్త అడ్డొచ్చింది."

ఆదివారం రాత్రే ఇంటికెళ్ళేక సుశీలకి తప్పయిపోయిందని చెప్పేను. "ఆ మాటేదో హాల్లోనే అనుంటే అబ్బులుగారి జేబు తెరుచుకునేది కాదు, ఊరి అదృష్టం బావుంది" అంది సుశీల. బాక్సు నిన్ననే వచ్చేసింది. దాని అద్దం లోపలి వైపుకి కనబడేలా అబ్బులుగారి ఫోటో అంటించేరు, నవ్వుతూ నమస్కారం పెడుతున్నది. ఇక మా ఊళ్ళో ఎవరు పోయినా వాళ్ళకి ఆఖరి దర్శనం ఆయనదే.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. పొద్దున్నే ఫోనొచ్చింది, రామచంద్రపురం నుంచి. "చతుర్గండం మాస్టారేనాండీ?" అన్నాడొకాయన. అవునని ఒప్పుకున్నాను, ఏం చేస్తాం. "మాకు కూడా ఓ ముఖ్య అతిథి ఉన్నారండి. రైసుమిల్లు. ఎన్నాళ్ళనుంచో చూద్దాం చూద్దాం అంటున్నారు. మీ ప్రోగ్రాం ఒక్కటి పెట్టిస్తే కదులుతారని మా కమిటీ వాళ్ళ నమ్మకమండి. కారు పంపిస్తాం. ఒక్కటే మనవి... ఆ బాగా పాడే మేడంగారిని మాత్రం తీసుకురాకండి."

స్పీకర్‌లో ఉందండి ఫోను. సుశీల పక్కనే ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్ళల్లో నీళ్ళు, ఉల్లిపాయలవో ఏవో. నవ్వి నవ్వి, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "వెళ్ళి రండి, పుణ్యం ఉంటుంది. రిహార్సల్స్ మాత్రం పెట్టుకోకండి" అంది.

"అదేంటే?" అన్నాను.

"పొరపాటున బాగుపడిపోతారండీ!"